సముద్రానికి నాలుగొందల గజాల్లో

జూన్ 3

పొద్దున్న ఆరున్నరకి కారు షెడ్డు షట్టరు ఛాతీ ఎత్తు దాకా వచ్చి ఆగిపోయింది. పైకి పోదు, కిందికి రాదు. మా ఆయన కుడి భుజానికి ఆపరేషను జరిగి నేటికి పదహారు రోజులు. ఆరు నెలల దాకా చెయ్యి పైకెత్తి బరువు లాగకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ షట్టరు ఎత్తింది ఆ భుజమే. ఇప్పుడు నా వంతు వచ్చింది. నాకు అరవై నాలుగు. అడుగు పట్టీ పట్టుకుని రెండుసార్లు తోశాను. మూడోసారికి నడుము పట్టేసింది. పాలు పోసే కుర్రాడు బండి ఆపి వచ్చి భుజం పెట్టాడు. "ఇది ఇనుమేటమ్మా, అప్పడం" అన్నాడు, చేతికంటిన ఎర్రపొడి దులుపుకుంటూ.

అన్నాల దగ్గర ఆయన "మోటారు పెట్టిద్దాం" అన్నారు. ఆ మాట అనటం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఇంకో ముద్ద కలిపి పెట్టాను.

జూన్ 5

మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో. మేడ మీద నుంచి చూస్తే కెరటం విరగటం కనిపిస్తుంది. కొలిచి చూస్తే నాలుగొందల గజాలు. ఈ గాలి కోసమే ఇక్కడ స్థలం కొన్నాం, ఈ గాలే ఇంట్లో ఉన్న ప్రతి ఇనప వస్తువునూ తింటోంది. ఫ్యాను రాడ్లు, కిటికీ చువ్వలు, గ్యాసు స్టవ్వు కాళ్ళు, కుట్టు మిషను పెడలు. షట్టరైతే ఇది మూడోది.

ఇవాళ కుర్చీ వేసుకుని షట్టరు దగ్గరే కూర్చుని చూశాను. తాళం ఇత్తడిది, నిక్షేపంలా ఉంది. దాని చుట్టూ అరచేతి మేర రేకు మాత్రం పొరలు పొరలుగా లేచి, గోరు పెడితే పెళ్ళలుగా రాలింది. క్లాసులో ఎన్నో ఏళ్ళు ఇదే పాఠం చెప్పాను. రెండు లోహాలు ఒకదాన్నొకటి ఆనుకుని, మధ్యన ఉప్పునీటి చెమ్మ ఉంటే అది చిన్న బ్యాటరీ అవుతుంది. అందులో ఇత్తడి నిలుస్తుంది, ఇనుము కరుగుతుంది. బోర్డు మీద జింకు పలకా రాగి పలకా గీసి చెప్పిన పాఠం నా గుమ్మంలోనే జరుగుతోంది.

ఇంకొకటి కూడా గమనించాను. షట్టరు బయటి మొహం మీద, నేరుగా వాన కొట్టే చోట, తుప్పు పలచగా ఉంది. పైన చుట్టుకునే పెట్టె లోపల, ఎన్నడూ వాన తగలని చోట, అన్నిటికంటే ఘోరంగా ఉంది. మోటారు పెట్టేది సరిగ్గా అక్కడే.

జూన్ 6

వంటింట్లో కళ్ళుప్పు జాడీ అడుగున నీళ్ళు. ఏటా తొలకరికి ముందు ఇంతే. మా అమ్మ జాడీ కింద పీట వేసేది, పీట మీద తెల్లటి వలయం పడేది. శుద్ధమైన ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే గానీ నీరు కాదు. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కలిసి ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు, గాలిలోంచి నీళ్ళు లాగి తనే కరిగిపోతుంది. విశాఖలో ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా గాలి అంత పొడిగా ఉండటం అరుదు.

అంటే గాలితో వచ్చి షట్టరు మీద కూర్చున్న ఉప్పు దాదాపు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. వాన లేకపోయినా, మంచు లేకపోయినా. మోటారు కొనేటప్పుడు జాడీని గుర్తుపెట్టుకోవాలి.

జూన్ 10

ఆటోనగర్ నుంచి షట్టరు మేస్త్రి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. మాట్లాడే ముందు గైడులో వేలు పెట్టి చూసి, ఆ వేలు నాలుక్కి తగిలించాడు. "ఉప్పే" అన్నాడు. ఆ ఒక్క పనితో నాకు నమ్మకం కుదిరింది.

పది అడుగుల వెడల్పు, ఎనిమిది ఎత్తు. 20 గేజి రేకు, అడుగు పట్టీతో కలిపి తొంభై కిలోల దాకా వస్తుందన్నాడు. పైపులో ఉన్న స్ప్రింగులు ఆ బరువును మోస్తాయి కాబట్టే ఇన్నాళ్ళూ ఒక్క మనిషి ఎత్తగలిగాడు. ఆ స్ప్రింగుల్లో ఒకటి తుప్పుపట్టి విరిగింది. మొన్న నేను తోసింది సగం షట్టరు బరువన్నమాట.

మోటార్లు మూడు రకాలని చెప్పాడు. స్ప్రింగులున్న పైపుకు మధ్యలో బిగించేది ఒకటి. పైపు లోపలే దూరిపోయే ట్యూబు మోటారు ఒకటి. పక్క గోడకు బ్రాకెట్టు కొట్టి, గొలుసుతో పైపును తిప్పే సైడు మోటారు ఒకటి. చూడటానికి ట్యూబు మోటారే అందం, బయటికి ఏమీ కనపడదు. నేను అటే మొగ్గాను. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

"అందంగానే ఉంటదమ్మా. కరెంటు పోతే ఏటి సేస్తారు? కొన్నిటికి తిప్పే హేండిలు ఉంటది, కొన్నిటికి అదీ నేదు. సైడు మోటారుకైతే సేతి గొలుసు ఏలాడతాది. లాగితే సాలు."

"మరి ఆ గొలుసుకు తుప్పు పట్టదా?"

"పడతాది. కానీ కళ్ళకి కనపడతాది కదమ్మా. నూనె ఏసుకోవచ్చు. పైపులో పడ్డ తుప్పు ఎవుడు సూడొచ్చాడు?"

కనపడే తుప్పు మేలు. ఈ మాట రాసిపెట్టుకుంటున్నాను.

జూన్ 11

రాత్రి అబ్బాయి ఫోను. వాడుండేది టెక్సాస్‌లో, గాల్వెస్టన్ దగ్గర. అదీ సముద్రపు గట్టే, అక్కడా ఉప్పుగాలే. 1900 సెప్టెంబరులో ఒక్క తుపాను ఆ ఊళ్ళో వేల మందిని పొట్టన పెట్టుకుంది. అక్కడ గ్యారేజి తలుపులు మనలా చుట్టుకునేవి కావు. నాలుగైదు అడ్డ పలకలు కీళ్ళతో కలిపి ఉంటాయి, పట్టాల మీద జారి పైకప్పు కింద పడుకుంటాయి. వాటిని లాగే యంత్రం పైకప్పుకు వేలాడుతుంది. గొలుసుతో లాగేవి కొన్ని, రబ్బరు బెల్టుతో లాగేవి కొన్ని. పక్క గోడకు బిగించి నేరుగా కడ్డీనే తిప్పేవి మరికొన్ని. వాడి మొదటి యంత్రం గొలుసుది, తుప్పు పట్టింది. ఇప్పుడు బెల్టుది పెట్టుకున్నాడు.

"అమ్మా, బ్యాటరీ ఉన్నదే తీసుకో" అని పట్టుబట్టాడు. కాలిఫోర్నియాలో 2017 కార్చిచ్చుల్లో కరెంటు పోయి, గ్యారేజి తలుపు ఎత్తలేక ముసలివాళ్ళు ఇళ్ళల్లో చిక్కుకుపోయారట. అందుకని 2019 జూలై 1 నుంచి అక్కడ అమ్మే ప్రతి గ్యారేజి యంత్రానికీ బ్యాటరీ ఉండాలని చట్టం చేశారు. ఫోను పెట్టేశాక చాలాసేపు అదే ఆలోచించాను. తలుపు ఎత్తలేకపోవటం అనే చిన్న సంగతి.

జూన్ 15

పెద జాలరిపేట వైపు నడకకు వెళ్ళాం. ఒడ్డున ఒక ముసలాయన పడవ ఇంజను విప్పి, బకెట్టులో మంచినీళ్ళు పెట్టి, అందులో ఇంజను కాలు ముంచి నడుపుతున్నాడు. ఉప్పు కడగటమట. ఈయన ఊరుకుంటారా, పక్కనే గొంతుక్కూర్చున్నారు. ముప్ఫై నాలుగేళ్ళు పోర్టులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా చేసిన మనిషి, యంత్రం కనిపిస్తే కాళ్ళు ముందుకు పోవు.

"రోజూ కడుగుతావా?"

"ఏట నుంచి వొచ్చిన ప్రతిసారీ కడగాల బాబూ. ఒక్క నాడు ఒగ్గేస్తే ఇంకో నాడు అది మనల్ని ఒగ్గేస్తది, నడి సంద్రంలో."

జూన్ 19

ఇవాళ పాత అలవాటు తిరగబెట్టింది, కాగితం మీద లెక్క కట్టాను. షట్టరుకు వాడే జీఐ రేకు మీద జింకు ఎంత ఉందో చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని చెబుతారు, రెండు వైపులా కలిపి. మేస్త్రి తెచ్చిన నమూనా 120 గ్రాములది. అంటే వైపుకు 60. జింకు సాంద్రత 7.14తో భాగిస్తే పొర మందం 8.4 మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో పదో వంతు అనుకోవచ్చు.

లోహాలను తినే శక్తిని బట్టి గాలిని తరగతులుగా విడదీసిన అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్‌ఓ 9223. ఉప్పు బాగా పడే తీరాలు అందులో సి-5 కిందికి వస్తాయి. సి-5లో జింకు ఏడాదికి 4.2 నుంచి 8.4 మైక్రాన్ల దాకా కరిగిపోతుంది. మా 120 గ్రాముల రేకు ఆయుష్షు ఏడాది, మహా అయితే రెండేళ్ళు. ఆ తర్వాత ఇనుమూ గాలీ మొహమొహాలు చూసుకుంటాయి. 275 గ్రాముల రేకైతే వైపుకు పంతొమ్మిది మైక్రాన్లు. మీద రంగు పూత మంచిదైతే ఆయుష్షు ఇంకా ఎక్కువ.

ముప్ఫై ఏళ్ళలో మూడు షట్టర్లు పెట్టించాం. ఒక్కసారీ ఈ ఒక్క ప్రశ్న అడగలేదు. ఎంతసేపూ గేజి అడిగాం, రంగు అడిగాం, ధర అడిగాం. సముద్రపు గట్టున ఇల్లున్నవాళ్ళు మొదట అడగాల్సింది జింకు ఎన్ని గ్రాములని.

మేస్త్రిని అడిగి 120 గ్రాముల కొత్త పట్టీ నుంచి అరచేతంత ముక్కలు నాలుగు కోయించుకున్నాను. ఒకటి మేడ మీద వానకు వదిలేశాను. ఒకటి షట్టరు పెట్టె లోపల, మోటారు రావాల్సిన చోట కట్టాను. ఒకటి షెడ్డు లోపలి గోడకు. ఒకటి ఇంట్లో, హాలుకూ షెడ్డుకూ మధ్య ఉన్న నడవాలో.

జూన్ 28

వాన. షట్టరు సగానికి ఎత్తి కింద ఇటుకలు పెట్టాం. కారు బయటే తడుస్తోంది.

ఆయన పోర్టు సంగతి ఒకటి చెప్పారు. పెద్ద క్రేను మోటార్ల లోపల చిన్న హీటరు ఉండేదట. మోటారు తిరుగుతున్నంతసేపూ ఆ హీటరు పని చేయదు. మోటారు ఆగగానే వెలుగుతుంది. తిరిగే మోటారు తన వేడితో తనే పొడిగా ఉంటుంది, ఆగిన మోటారులోకే చెమ్మ చేరుతుంది. "పనిచేసి చెడిపోయిన మోటార్లు తక్కువ. పనిలేక చెడిపోయినవే ఎక్కువ చూశాను" అన్నారు. భుజం కట్టు సర్దుకుంటూ అన్నారు ఆ మాట.

మన షట్టరు మోటారు రోజుకు రెండు నిమిషాలు తిరుగుతుంది. మిగతా రోజంతా ఉప్పుగాలిలో ఊరికే కూర్చుంటుంది. అంత చిన్నదానికి హీటరు ఎవరూ పెట్టరు. అందుకని బోర్డు, రిసీవరు, కెపాసిటరు ఉన్న కంట్రోలు పెట్టెనైనా షెడ్డులోంచి తప్పించాలి.

జూలై 7

ఊళ్ళో ఒక దుకాణానికి వెళ్ళాం. కుర్రాడు చక్కగా మాట్లాడాడు. "ఇది ఐపీ-65 మేడం. బీచి పక్కన ఇంకేం భయం లేదు."

నెమ్మదిగానే అడిగాను. ఐపీ తర్వాత మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. 6 అంటే దుమ్ము అసలు పోదు. 5 అంటే గొట్టంతో నీళ్ళు చిమ్మినా లోపలికి రావు. బాగుంది. మరి ఉప్పుకు ఏ అంకె? ఆ అబ్బాయి కేటలాగు తిరగేశాడు. ఉప్పుకు అందులో అంకె లేదు. నీళ్ళు లోపలికి రాకుండా ఆపే పెట్టె బయటి స్క్రూలు తుప్పు పట్టి ఊడిపోతే, మూత ఎన్నాళ్ళు నిలుస్తుంది?

అడగాల్సింది ఇంకొకటి. ఉప్పుమంచు పరీక్ష. 5 శాతం ఉప్పునీటిని 35 డిగ్రీల వేడిలో మంచులా చిమ్ముతూ వస్తువును అందులో గంటల తరబడి ఉంచుతారు. ఎన్ని గంటలు నిలిచిందో కంపెనీ కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ గంటలను నేరుగా మన ఏళ్ళలోకి మార్చలేం. కానీ పరీక్షే పెట్టనివాళ్ళకూ పెట్టినవాళ్ళకూ తేడా తెలుస్తుంది. కుర్రాడు కంపెనీకి రాసి తెప్పిస్తానన్నాడు. తెప్పిస్తే అక్కడే కొంటాను.

జూలై 8

రాత్రి నిద్ర పట్టలేదు. హుద్‌హుద్ తుపాను గుర్తొచ్చింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. పొద్దున్నుంచే గాలి. మధ్యాహ్నానికి మా షట్టరు ఊపిరి తీస్తున్న మనిషి పొట్టలా లోపలికీ బయటికీ ఉబ్బింది. పట్టీల కొసలు ఒకవైపు గైడులోంచి ఊడివచ్చాయి. మూడు పట్టీలు వంగిపోయి, సందులోంచి గాలి ఈల వేస్తూ షెడ్డులోకి దూరింది. ఆయనా అబ్బాయీ మంచం తెచ్చి అడ్డం పెట్టారు. బయట కొండల మీద ఒక్క పచ్చని ఆకు మిగల్లేదు.

కరెంటు రోజుల తరబడి లేదు. మా వీధిలో ఒకాయన అప్పటికే మోటారు పెట్టించుకున్నారు. దాన్ని విడదీసి చేత్తో ఎత్తే తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. మూడో రోజు ఆ ఇంటి పెద్దావిడకు ఆయాసం వచ్చింది. లోపల కారు ఉంది, బయట రోడ్డు మీద చెట్లు కూడా తీశారు, షట్టరు మాత్రం లేవదు. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి పక్క సందులోంచి నలుగురు మోసుకెళ్ళారు. ఒక కుర్చీ కాలు మా ఆయనే పట్టారు, ఈ భుజంతోనే.

ఆవిడ బతికింది. ఆ కుర్చీ ఆ సందులో గోడకు గీసుకుపోతున్న చప్పుడు నాకింకా వినబడుతుంది.

హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో ఊళ్ళో చాలాచోట్ల కరెంటు తీగలను భూమిలోకి దించారు. ఇప్పుడు మునుపటిలా పోదని అందరూ అంటారు. నిజమే కావచ్చు. అయినా నా ఇంటికి వచ్చే మోటారుకు మొదటి పరీక్ష, కరెంటు లేనప్పుడు అది ఎలా ఉంటుందన్నదే. ఉన్నప్పుడు ఎంత చకచకా లేస్తుందన్నది తర్వాత.

జూలై 20

పిల్లిపిల్లలు మూడు. షెడ్డులో పాత టైరులో పెట్టింది తల్లి. షట్టరు కింద నుంచే రాకపోకలు.

అబ్బాయి వాట్సాపులో వాళ్ళ గ్యారేజి బొమ్మ పంపాడు. నేలకు ఆరు అంగుళాల ఎత్తులో గుమ్మానికి అటొకటి ఇటొకటి చిన్న కళ్ళు. వాటి మధ్య కంటికి కనపడని కిరణం. పిల్లో పిల్లాడో అడ్డం వస్తే దిగుతున్న తలుపు ఆగి వెనక్కి పోతుంది. 1993 జనవరి 1 తర్వాత అమెరికాలో ఇళ్ళకని తయారైన ప్రతి యంత్రానికీ ఇలాంటి రక్షణ ఉండాలని చట్టం. అంతకు ముందు తలుపుల కింద పడి పసిపిల్లలు పోయారు. అందుకే ఆ చట్టం వచ్చింది.

ఇక్కడ దాన్ని "ఎక్స్‌ట్రా" అంటారు. అడిగితే ఇస్తారు, అడగకపోతే లేదు. తొంభై కిలోల ఇనుము బటను నొక్కితే కిందికి దిగుతుంది, ఆ కింద ఎవరున్నారో దానికి తెలియదు. ఈ కన్ను ఎక్స్‌ట్రా కాదు, అసలు యంత్రంలో భాగం. ఇందులో బేరం లేదని మేస్త్రితో చెప్పేశాను. సంక్రాంతికి మనవరాలు వస్తోంది. దానికి రెండున్నరేళ్ళు.

కన్ను అద్దం మీద ఉప్పు పొర కడితే కిరణం ఆగిపోయి షట్టరు దిగదు. అది పాడవటం కాదు, తుడవమని అడగటం. మెత్తటి తడిగుడ్డ చాలు.

రిమోటు సంగతి ఒక్క ముక్క. నొక్కిన ప్రతిసారీ కోడు మారే రకమే అడగాలి. మారని కోడును పక్కన నిలబడి ఎవరైనా దొంగిలించవచ్చు. రిమోటును కారులో వదలను, ఇంట్లో డబ్బాలో పెడతాను. బ్యాటరీ తగిలే రేకులకు చిలుము పట్టకుండా.

ఆగస్టు 2

బీచి రోడ్డులో కుర్సురా దగ్గర కూర్చున్నాం. 1969లో నౌకాదళంలో చేరిన జలాంతర్గామి, 2001లో విశ్రాంతి తీసుకుంది, 2002 నుంచి ఇసుక మీద మ్యూజియం. నీళ్ళ లోపల పెరిగిన ఉక్కే కదా అనుకుంటాం. గట్టు మీదకు వచ్చాక కూడా దానికి మరమ్మతులు, రంగులు తప్పటం లేదు. "దీనికే తప్పలేదు" అన్నారు ఆయన. ఇద్దరం మొక్కజొన్న పొత్తు తిని వచ్చేశాం.

ఆగస్టు 24

నాలుగు ముక్కలూ దించి భోజనాల బల్ల మీద తెల్లకాగితంపై పరిచాను. తొమ్మిది వారాలైంది.

మేడ మీది ముక్క వానలో నాని మసకబారింది, కానీ నునుపుగానే ఉంది. కోసిన అంచున మాత్రం ఎర్రగీత. షెడ్డు లోపలి గోడది అక్కడక్కడ తెల్లచుక్కలు. నడవాలోది దాదాపు కొత్తది. షట్టరు పెట్టె లోపలి ముక్క మీద సున్నం చల్లినట్టు తెల్లపొడి, గీకితే కింద గుంటలు. వేలు తడిపి నాలుక్కి తగిలించాను, మేస్త్రిలాగే. ఉప్పగా ఉంది.

నేను అనుకున్నదే తేలింది. వాన శత్రువు కాదు. వాన కడుగుతుంది. గాలి ఉప్పు తెస్తుంది, వాన దాన్ని తీసుకుపోతుంది. వాన చేరని మూలలో తెచ్చింది తెచ్చినట్టు పోగుపడుతుంది. జాగ్రత్తగా కప్పి దాచామనుకున్న చోటే తుప్పు పెరుగుతుంది. పడవ ముసలాయన మంచినీళ్ళ బకెట్టుతో చేస్తున్నది ఆ వాన పనే.

ఆయన ముక్కలన్నీ తిప్పి తిప్పి చూసి, "పోర్టులో చేరాల్సింది నువ్వు" అన్నారు.

ఆగస్టు 30

నిర్ణయాలు. ఇద్దరం గంటన్నర వాదించుకున్నాం.

పట్టీలు అల్యూమినియమా, జీఐనా? అల్యూమినియం తేలిక, ఎర్రతుప్పు పట్టదు, నాకు మనసు అటే లాగింది. అయితే పది అడుగుల వెడల్పున, తుపాను గాలికి, నురుగు నింపిన పల్చటి పట్టీ నిలవదని ఆయన అన్నారు. గట్టి రకం మా శక్తికి మించింది. చివరికి 275 గ్రాముల జీఐ, మీద పౌడరు పూత. పట్టీల కొసలకు గాలికి ఊడిరాకుండా పట్టుకునే క్లిప్పులు, వాటికి తగినట్టు లోతైన గైడులు. హుద్‌హుద్ నాటి మంచం మళ్ళీ అడ్డం పెట్టక్కర్లేదు.

మోటారు? 24 వోల్టుల డీసీ, బ్యాటరీతో, ఆయన మాట. అబ్బాయిదీ అదే మాట. నాది 230 వోల్టుల సైడు మోటారు, చేతి గొలుసుతో. బ్యాటరీ మంచిదే, కాదనను. కానీ మన వేడికి రెండు మూడేళ్ళకు మార్చాలి, మార్చటం మరిచిపోయిన ఏడాదే తుపాను వస్తుంది. గొలుసును ఎవరూ మార్చక్కర్లేదు. చివరికి ఆయనే అన్నారు, "క్రేన్లకూ చేత్తో దింపే ఏర్పాటు ఉండేదిలే" అని. ఒప్పుకున్నట్టే.

షట్టరు బరువు తొంభై కిలోలైతే మూడు వందల కిలోల మోటారు. తుప్పు పట్టి గైడు బిగిసిన రోజున ఆ మిగులు అక్కరకొస్తుంది. దాన్ని మించి పెద్దది వద్దు. మరీ బలమైన మోటారు, ఇరుక్కున్న షట్టరును ఆగకుండా లాగి చింపేస్తుంది.

దుకాణం కుర్రాడు పరీక్ష కాగితం తెప్పించాడు. మాట ప్రకారం అతని దగ్గరే కొన్నాం.

సెప్టెంబరు 14

బిగింపు. మేస్త్రి, ఇద్దరు కుర్రాళ్ళు, పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా. నేను కుర్చీ కదపలేదు.

గోడకు దిగే బోల్టులు 316 రకం స్టీలువి. మామూలుగా దొరికే 304లో మాలిబ్డినం ఉండదు. 316లో రెండు మూడు శాతం ఉంటుంది. ఉప్పుకు గుంటలు పడకుండా కాపాడేది అదే. బోల్టుకూ జీఐ బ్రాకెట్టుకూ మధ్య నైలాను వాషరు, రెండు లోహాలూ నేరుగా తగలకుండా. పాత ఇత్తడి తాళం తీసేశాం. పట్టీలు కోసిన ప్రతి అంచుకూ జింకు రంగు రెండు పూతలు. చిన్న కుర్రాడు ఒక అంచు వదిలేస్తే పిలిచి చూపించాను. నవ్వి మళ్ళీ బ్రష్షు ముంచాడు.

కంట్రోలు పెట్టె నడవాలో, నాలుగో ముక్క వేలాడిన మేకు దగ్గరే. వైరు పెట్టెలోకి కింది నుంచి వెళ్తుంది, వెళ్ళే ముందు ఒక వంపు తిరుగుతుంది. వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది, లోపలికి ఎక్కదు. మోటారు మీది రేకు కవరు అడుగున రెండు బెజ్జాలు కొట్టించాను, చెమ్మ చేరితే కారిపోవటానికి. పూర్తిగా మూసేద్దామని పెద్ద కుర్రాడు అన్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. "మూసీసిన డబ్బాలో సెమట పడతాది రా."

గొలుసుకు గ్రీజు. చేతి గొలుసు నాకు అందేంత కిందికి. మొదట నాలుగడుగులకు ఆపాడు. ఇంకో అడుగు దింపించాను, కుర్చీలో కూర్చున్న మనిషికి కూడా అందేలా.

సాయంత్రం మొదటిసారి బటను ఆయనే నొక్కారు, ఎడం చేత్తో. షట్టరు మెల్లగా లేచింది. ఆయన చూపంతా పైకి పోతున్న పట్టీల మీదే. నా చూపు ఆయన భుజం మీద.

సెప్టెంబరు 21

ఆదివారం పని ఖాయమైంది. బకెట్టులో మంచినీళ్ళు, రెండు గుడ్డలు, పొడుగు కర్ర బ్రష్షు. గైడులు పై నుంచి కిందికి కడగాలి. షట్టరు పెట్టె లోపల తడిగుడ్డతో తుడవాలి, గొట్టం పెట్టకూడదు. కన్ను అద్దాలు రెండూ. బోల్టు తలలు. అరగంట పట్టింది. మెయిను ఆపి, రిమోటు జేబులో వేసుకుని మొదలుపెట్టాలి. ఈ మాట నడవాలో గోడ మీద కూడా రాశాను.

గుడ్డ పిండిన నీళ్ళు రుచి చూశాను. వారం రోజులకే ఉప్పగా ఉన్నాయి.

అక్టోబరు 12

పొద్దున్న ఎనిమిదింటికి మెయిను స్విచ్చి ఆపేశాను. ఫ్యాన్లు ఆగాయి. ఆయన గడియారం తీసుకుని షెడ్డులో కుర్చీలో కూర్చున్నారు. చేతి గొలుసు అందుకున్నాను. బరువు లేదు, పని ఉంది, అంతే. నూతిలోంచి నీళ్ళు తోడినట్టు చెయ్యి మార్చి చెయ్యి. మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకున్నాను, షట్టరు ఆగినచోటే నిలిచింది. పిల్లిపిల్లలు రెండు బయటికి వెళ్ళాయి.

నాలుగు నిమిషాల నలభై సెకన్లకు పూర్తిగా తెరుచుకుంది. ఆయన ఆ అంకెను తేదీతో సహా పెన్సిలుతో గోడ మీద రాశారు.